ఫుల్ పెన్షనా, హాఫ్ పెన్షనా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటాం. డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య పథకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మీరు ఇటలీ వెళ్లి సముద్రం ఒడ్డున వారం రోజులు ఉండి వచ్చారుగా, ఆ విశేషాలు ఓ అరగంట చెప్పండి" అన్నారు. విహారయాత్ర కబుర్లకు ఈ వేదిక తగునా అని సందేహించాను. ఆలోచిస్తే, చెప్పవలసిన మాట ఒకటి ఉందని తోచింది. హోటలుతో మొదలుపెట్టి చివరికి పెన్షన్ దగ్గరికే వస్తాను. కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

మేము కాకినాడలో ముప్పై ఏళ్లున్నాం. ఇంట్లోంచి సముద్రం ఎంతో దూరం కాదు. అయినా మా ఆవిడ సముద్రం చూసింది చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే. అది కూడా పిల్లల చెప్పులు, నీళ్ల సీసాలు మోసుకుంటూ. "రిటైరయ్యాక తీరిగ్గా ఓ రోజంతా సముద్రం ఎదురుగా కూర్చోవాలండీ" అని ఎన్నిసార్లో అంది. రిటైరయ్యాను. పదకొండేళ్లు గడిచాయి. ఆ మధ్య గుండెకి ఓ స్టెంటు కూడా వేయించుకున్నాను. ఆ ఒక్క రోజు మాత్రం రాలేదు.

మా అమ్మాయి జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటుంది. రెండేళ్ల కిందట సెప్టెంబరులో మేము వెళ్లినప్పుడు, "నాన్నా, ఈసారి మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టను. దక్షిణ ఇటలీలో పేస్టమ్ అనే ఊరుంది. సముద్రం ఒడ్డున హోటలు, దగ్గర్లోనే రెండున్నర వేల ఏళ్ల నాటి గుళ్లు. అమ్మకి సముద్రం, నీకు చరిత్ర" అంది. నాకు 71, ఆవిడకి 66. ఆవిడ మోకాళ్ల సంగతి మీ అందరికీ తెలిసిందే, ఎందుకంటే మీ అందరి ఇళ్లలోనూ అవే మోకాళ్లు.

నేను ఆడిట్ సెక్షన్‌లో 34 ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఏ కాగితం ఇచ్చినా ముందు కింద సన్న అక్షరాలు చదువుతాను. హోటలు వాళ్ల వసతుల జాబితా తెప్పించి, ఒక నోటుబుక్కు తీసి, ఎడమ పక్క వాళ్లు చెప్పింది, కుడి పక్క మేము చూసింది అని గీత గీశాను. ఆ పట్టిక ఇప్పుడు మీ ముందు పెడతాను.

మొదటి అంశం భోజనం. అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని అడిగింది: "నాన్నా, ఫుల్ పెన్షనా, హాఫ్ పెన్షనా అని హోటలు వాళ్లు అడుగుతున్నారు." నేను కాస్త గర్వంగానే, "ఫుల్ పెన్షనే చెప్పు. కమ్యుటేషన్ రికవరీ మాత్రం ఇంకా నాలుగేళ్లుంది" అన్నాను. అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. ఇటలీలో గదితోపాటు మూడు పూటలా భోజనం పెడితే దాన్ని 'పెన్సియోనె కొంప్లేతా' అంటారు, అంటే పూర్తి పెన్షన్. గది, ఉదయం ఫలహారం, ఒక పూట భోజనం అయితే 'మెద్జా పెన్సియోనె', అంటే సగం పెన్షన్. 'చెల్లింపు' అనే అర్థమున్న లాటిన్ మాటలోంచే మన పెన్షనూ వచ్చింది, వాళ్ల భోజనమూ వచ్చింది. మేము సగం పెన్షనే తీసుకున్నాం. మధ్యాహ్నానికి మా దగ్గర అటుకులు, పెరుగు, ఆవకాయ ఉండనే ఉన్నాయి.

విమానంలో నేపుల్స్ వెళ్లి, అక్కణ్ణుంచి రైలెక్కి, సలెర్నో మీదుగా పేస్టమ్‌లో దిగాం. చిన్న స్టేషను. మన బ్రాంచి లైను స్టేషన్లు గుర్తొచ్చాయి. బయటికి రాగానే ఎదురుగా ప్రాచీన నగరపు కోటగోడ కనిపిస్తుంది. కారు మాట్లాడుకుని హోటలుకి చేరాం.

ఇక నోటుబుక్కు చూడండి. ఎడమ పక్క 'లిఫ్టు ఉంది' అని ఉంది. కుడి పక్క: ఉంది, కాని లిఫ్టు దగ్గరికి వెళ్లాలంటే ఏడు మెట్లెక్కాలి. 'స్నానపు తొట్టి' అని ఉంది. ఉంది, కాని దాని అంచు తొడ ఎత్తున ఉంది. మా ఆవిడ ఒక కాలు లోపల పెట్టి రెండో కాలు ఎత్తలేక, గోడ పట్టుకుని నిలబడి నన్ను కేకేసింది. 'సముద్ర దృశ్యం' అని ఉంది. బాల్కనీలో ఎడమ మూలకి వెళ్లి మెడ చాచితే రెండు చెట్ల మధ్య నుంచి ఒక నీలం పట్టీ కనిపించింది. 'చారిత్రక ఆలయాలకు 5 నిమిషాలు' అని ఉంది. ఐదు నిమిషాలే, కాని కారులో. నడిస్తే మాకు నలభై నిమిషాలు పట్టింది.

వాళ్లు అబద్ధం రాశారని నేననను. ఆడిట్ భాషలో చెప్పాలంటే రాసినవన్నీ వాస్తవాలే, వివరణ లేదు, అంతే. నేను వసతుల జాబితా చదివానుగాని మా అవసరాల జాబితా రాసుకోలేదు. తప్పు నాది. అమ్మాయి కింద ఆఫీసులో మాట్లాడితే, ఆ సాయంత్రమే నేలమట్టం గది ఇచ్చారు. దాంట్లో తొట్టి లేదు, షవరు ఉంది, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉంది. కిటికీ తెరిస్తే పైన్ చెట్ల తోపు, దాని వెనక అలల చప్పుడు. సముద్రం కనిపించదుగాని రాత్రంతా వినిపిస్తుంది. అద్దె కూడా కాస్త తక్కువే.

మీలో ఎవరైనా వెళ్లదలిస్తే నాలుగు ప్రశ్నలు ముందే అడగండి. గుమ్మం నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు? స్నానానికి తొట్టా, షవరా? దూరం నిమిషాల్లో కాదు, మీటర్లలో ఎంత? ఇసుక మీద గొడుగు అద్దె గదిలో కలిసి ఉందా, వేరా? ఈ చివరి ప్రశ్న ఎందుకంటే, అక్కడ సముద్రపు ఒడ్డులో చాలా భాగం 'లీదో' అనే అద్దె ఏర్పాట్ల కింద ఉంటుంది. వరుసలుగా గొడుగులు, ఒక్కో గొడుగు కింద రెండు వాలుకుర్చీలు, ప్రతి గొడుగుకీ ఒక నంబరు. అచ్చం మన రిజర్వేషన్ బెర్తులే. మొదటి వరుస ధర ఎక్కువ, వెనక్కి వెళ్లేకొద్దీ తక్కువ. అద్దె వద్దనుకునేవారికి ఉచితంగా కూర్చునే తీరం కూడా వేరేగా ఉంటుంది. అలాగే ఊరి పన్ను అని రాత్రికి ఒక్కొక్కరికి ఇంతని హోటలు బిల్లు మీద అదనంగా వేస్తారు. బయట రెస్టారెంట్లలో 'కొపెర్తో' అని మనిషికి ఇంతని కూర్చున్నందుకే వేస్తారు. మోసం కాదు, అక్కడి ఆనవాయితీ. మెనూ కార్డులో ముందే రాసి ఉంటుంది.

శాకాహారుల సంగతి అడుగుతారని తెలుసు. టొమాటో పాస్తా ప్రతిచోటా ఉంది. 'మరినారా' అనే పిజ్జాలో చీజు ఉండదు, టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. అయితే సాసుల్లో ఆంచోవీ అనే చిన్న చేప కలుపుతూ ఉంటారు కనుక అడిగి తినాలి. చీజుని విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడటం కూడా ఉంది, పట్టింపు ఉన్నవాళ్లు గమనించాలి. మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, రాత్రి భోజనం ఏడున్నరకి ముందు పెట్టరు. మాత్రలు వేసుకునే మనలాంటివాళ్లు చేతిసంచిలో ఏదో ఒకటి ఉంచుకోవాలి. ఇంకొక మాట. ఆ దేశాల షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. బీమా దరఖాస్తులో స్టెంటు సంగతి దాచకండి. దాస్తే అక్కరకొచ్చిన రోజున క్లెయిమ్ చెల్లదు.

ఇక చూడవలసినవి. నేను ఇంటి దగ్గర్నుంచే ఆరు రోజులకి పదకొండు చోట్లు రాసుకొచ్చాను. పాంపేయి, వెసూవియస్ అగ్నిపర్వతం, అమాల్ఫీ, నేపుల్స్ మ్యూజియం ఇలా. మా ఆవిడ ఆ కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే చదివి, తొమ్మిది కొట్టేసింది. "ఇది యాత్రా, ఇన్‌స్పెక్షనా?" అంది. మిగిలినవి రెండు, ఆ ఊరి గుళ్లు, ఆ ఊరి మ్యూజియం. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను, ఆ కొట్టివేతే ఆ యాత్రలో జరిగిన మంచి పని.

పేస్టమ్‌ని క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు కట్టారు. అప్పటి పేరు పొసెయిదోనియా, సముద్ర దేవుడు పొసెయిదోన్ పేరు మీద. క్రీ.పూ. 400 ప్రాంతంలో లుకానియన్లనే స్థానికుల చేతికి వచ్చింది. క్రీ.పూ. 273లో రోమన్లు వలస నగరంగా చేసుకుని పేస్టమ్ అన్నారు. అక్కడ మూడు పెద్ద గుళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా పాతది హేరా దేవత గుడి, క్రీ.పూ. 550 ప్రాంతానిది. ముందు వైపు తొమ్మిది స్తంభాలు, పక్కన పద్దెనిమిది. పైకప్పు, త్రికోణపు ముఖభాగం పోవడంతో 18వ శతాబ్దిలో చూసినవాళ్లు ఇది గుడి కాదు, కచేరీ భవనమేమో అనుకున్నారు. అందుకే 'బసిలికా' అనే పేరు పడిపోయింది. తప్పుడు ఎంట్రీ ఒకసారి రికార్డుకెక్కితే ఎన్నాళ్లు ఉండిపోతుందో చూడండి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

దాని పక్కనే నెప్ట్యూన్ గుడి అని పిలిచేది ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్ది మధ్య కాలానిది. ముందు ఆరు, పక్కన పద్నాలుగు స్తంభాలు, వాటి మీద దూలాలు, రెండు వైపులా త్రికోణాలు దాదాపు పూర్తిగా ఉన్నాయి. సాయంత్రం ఎండ పడితే ఆ రాయి తేనె రంగుకి తిరుగుతుంది. కాస్త ఎడంగా ఎథీనా గుడి. వీటి మధ్య రోమన్ల వీధులు, ఇళ్ల పునాదులు, ఆంఫీథియేటరు. ఆ ఆంఫీథియేటరు సగమే కనిపిస్తుంది. 19వ శతాబ్దిలో రోడ్డు వేసినవాళ్లు దాన్ని మధ్యకి కోసేశారు. మనవాళ్లే అలా చేస్తారని బాధపడేవాణ్ణి, కొంత ఊరట కలిగింది.

ఇవి ఇంతకాలం ఎలా నిలబడ్డాయి? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఉంది. నీటి పారుదల పాడై, చుట్టుపక్కల నేల చిత్తడి అయింది. జ్వరాలు పట్టుకున్నాయి. మధ్యయుగాల్లో జనం ఊరు వదిలి కొండ మీదికి తరలిపోయారు. మిగతా చోట్ల పాత గుళ్ల రాళ్లు పీకి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. ఇక్కడ పీకే మనుషులే తగ్గిపోయారు. గుళ్లని కాపాడింది రాజులు కాదు, మలేరియా. ఆ మాట ఇటాలియన్‌లోంచే వచ్చింది. 'మాలా ఆరియా', అంటే చెడ్డ గాలి. గాలి వల్లనే జ్వరమని వందల ఏళ్లు నమ్మారు. గాలి కాదు, దోమ అని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులో. పేస్టమ్‌ని ఖాళీ చేయించిన దోషి మన తెలుగునేల మీద పట్టుబడ్డాడన్న మాట.

ఆ చిత్తడి నేలలో బాగా బతికిన ఇంకో ప్రాణి ఉంది. గేదె. గుళ్ల నుంచి తిరిగొస్తుంటే రోడ్డు పక్కన బురదలో గేదెలు పడుకుని ఉన్నాయి. మా ఆవిడ కారాపించి దిగిపోయింది. ముర్రా గేదెల్లా కొమ్ములు చుట్ట తిరిగి లేవు, వెనక్కి కొడవలిలా వంగి ఉన్నాయి. మిగతాదంతా మన గేదే. అక్కడి ప్రసిద్ధమైన మొజ్జరెల్లా చీజు ఈ పాలతోనే చేస్తారు. విరిగిన పాల ముద్దని వేడినీళ్లలో వేసి, సాగదీసి, ఉండలుగా తెంపుతారు. పాక గోడ మీద చెయ్యి ఆన్చి, ఆవిడ పావుగంట నిలబడింది. రెండున్నర వేల ఏళ్ల స్తంభాల దగ్గర కూడా అంతసేపు నిలబడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మా గొడుగు నంబరు 34, మూడో వరుస. పక్క గొడుగు కింద ఒక ఇటాలియన్ పెద్దావిడ కూర్చునేది, డెబ్బై దాటి ఉంటుంది. రెండు వాలుకుర్చీల్లో ఒకదాంట్లో తను, రెండోదాంట్లో చేతిసంచి. మొదటి రోజు నమస్కారాలు, రెండో రోజు జంతికలు, మూడో రోజు మాటలు. మాటలంటే, మా అమ్మాయి ఫోనులో అనువాదం చేసే సదుపాయం ఉంది, ఆవిడ అటు చెబితే ఇటు అక్షరాలు వచ్చేవి. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

ఆవిడ భర్త రైల్వేలో పనిచేశాడట. ఏటా సెప్టెంబరులో ఇద్దరూ ఇక్కడికే వచ్చేవారట, ఇదే వరుస. ఆయన పోయి నాలుగేళ్లు. ఆయన పెన్షన్‌లో ఆవిడకి 60 శాతం వస్తుంది. భార్య ఒక్కతే అయితే అక్కడ లెక్క అంతే. దాన్ని వాళ్లు 'రెవెర్సిబిలితా' పెన్షన్ అంటారు. నేను పేపరు చాటున మనసులోనే లెక్క వేశాను. మన కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో పెన్షన్ చివరి జీతంలో 50 శాతం, మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. 50లో 30 అంటే అదీ 60 శాతమే. అక్కడైనా ఇక్కడైనా వెనక మిగిలినవాళ్ల వాటా ఒకటే.

కాని ఆవిడ చెప్పింది లెక్క కాదు. కాగితాలన్నీ భర్తే చూసుకునేవాడట. ఏ బ్యాంకు, ఏ నంబరు, ఏ బీరువా, ఒక్కటీ చెప్పలేదట. "అడిగితే, నీకెందుకు, నేనున్నాను కదా అనేవాడు" అని ఫోను తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన పోయాక చాలా నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగిందట. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదని చెప్పింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ రాత్రి గదిలో, దీపం ఆర్పాక, మా ఆవిడ అడిగింది: "ఏవండీ, మీ పెన్షన్ పుస్తకం ఎక్కడుంది?"

"పి.పి.ఓ.నా? ఇప్పుడెందుకు? ఇంత దూరం వచ్చి అశుభం మాట్లాడకు" అన్నాను. గొంతు కాస్త పెంచే అన్నాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది. సముద్రం చప్పుడు వింటూ నేను చాలాసేపు మేలుకుని ఉన్నాను. ఎందుకంటే ఆ ఇటాలియన్ భర్త అన్న మాటే నేనూ నలభై ఏళ్లుగా అంటున్నాను.

మర్నాడు మ్యూజియానికి వెళ్లాం. అక్కడ 'డైవరు సమాధి' అని ఒకటుంది. 1968 జూన్‌లో మారియో నాపోలి అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఊరికి దక్షిణాన తవ్వుతుంటే దొరికింది. క్రీ.పూ. 470 ప్రాంతానిది. ఐదు రాతిపలకల పెట్టె. నాలుగు పక్కలా లోపలివైపు విందు బొమ్మలు. మగవాళ్లు పీటల మీద వాలి, పానపాత్రలు పట్టుకుని, పాటలు పాడుకుంటున్నారు. మూత లోపలివైపు ఒక్కడే మనిషి. ఎత్తు మీంచి దూకాడు, ఇంకా నీళ్లలో పడలేదు. గాలిలో ఉన్నాడు. చేతులు ముందుకి చాచి ఉన్నాయి. కింద నీళ్లు ఒక చిన్న గుట్టలా పొంగి ఉన్నాయి, అటొక చెట్టు, ఇటొక చెట్టు. బతుకులోంచి చావులోకి దాటడానికి అది గుర్తు అని చాలామంది పండితులు అంటారు. మూత మూస్తే ఆ బొమ్మ చనిపోయినవాడి ముఖానికి ఎదురుగా ఉంటుంది. ఇంకెవరూ చూడటానికి గీసింది కాదు.

మా ఆవిడ అక్కడున్న బల్ల మీద కూర్చుని చూసింది. కాసేపయ్యాక, "తల వంచలేదు చూశారా. ముందున్నవి నీళ్లేనని తెలిసే దూకుతున్నాడు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. రాత్రి సంగతి ఎత్తలేదు.

నేనే ఎత్తాను. ఆ బల్ల మీదే కూర్చుని చెప్పాను. పి.పి.ఓ. బీరువా పై అరలో, పాత పంచాంగాల కింద ఉందని చెప్పాను. పెన్షన్ పడే ఖాతా నా ఒక్కడి పేరు మీదే ఉందని చెప్పాను. అన్నిటికన్నా కష్టమైనది చివరికి చెప్పాను. పి.పి.ఓ.లో ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో మా ఇంటిపేరుతో ఉంది. పుట్టిన సంవత్సరంలో రెండేళ్లు తేడా. ఆ తప్పు నాకు రిటైరైన నాటి నుంచీ తెలుసు. ఇలాంటి తేడాలు పట్టుకుని ఎందరి ఫైళ్ల మీదో అభ్యంతరాలు రాసినవాణ్ణి. ఎందరో ఆడవాళ్లు ఆ అభ్యంతరాలకి జవాబులు తేలేక, మా సెక్షన్ వరండాలో బల్ల మీద కూర్చునేవారు. నా ఇంటి ఫైలు మాత్రం దిద్దలేదు. స్టెంటు వేసిన రోజున కూడా దిద్దలేదు. దిద్దడానికి కూర్చుంటే, నేను పోతానని ఒప్పుకుని సంతకం పెట్టినట్టే అనిపించేది.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. "ఇంత చిన్న విషయానికి పదకొండేళ్లు ఒక్కరే భయపడ్డారా?" అంది. ఆ పైన, "పదండి, సముద్రం దగ్గరికి పోదాం. ఆవిడ ఒక్కతే ఉంటుంది" అంది.

ఆ తర్వాత మిగిలిన రెండు రోజులూ ఎక్కడికీ వెళ్లలేదు. మూడో వరుసలో, 34వ నంబరు కింద, సముద్రం ఎదురుగా కూర్చున్నాం. తీరం లోతు లేకుండా చాలా దూరం ఇసుక మేటగా ఉంటుంది. మోకాళ్ల లోతు దాకా ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్లి నిలబడేవాళ్లం. 1943 సెప్టెంబరు 9న రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైన్యం దిగింది ఈ ఇసుక మీదేనని చెప్పబోయాను. "తర్వాత చెబుదురుగాని, అల వస్తోంది" అంది.

మిత్రులారా, ఇండియా తిరిగొచ్చిన వారంలోపే పని మొదలుపెట్టాను. ఖాతాని ఇద్దరి పేర జాయింటు చేశాం. పేరు, పుట్టిన తేదీ సవరణకి ఆధారాలతో దరఖాస్తు పెట్టాం. సవరించిన కాగితం చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. నేను బతికి ఉండి, ఆడిట్ తెలిసి, తిరగ్గలిగి ఉండగా ఏడు నెలలు. ఆవిడ ఒక్కతే అయితే ఎన్నాళ్లో మీరే ఊహించుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇప్పుడు ఆవిణ్ణి వెంట తీసుకెళుతున్నాను. కౌంటరు ఏదో, ఎవరిని ఏమడగాలో ఆవిడకి తెలుసు. ఒక నోటుబుక్కులో అన్నీ తన చేత్తో రాసుకుంది. ఎడమ పక్క నేను చెప్పింది, కుడి పక్క తను వెళ్లి సరిచూసింది. నా పద్ధతే, నా మీదే ప్రయోగించింది. రెండు అభ్యంతరాలు కూడా రాసింది, జవాబు ఇచ్చాను.

అందరూ ఇటలీ వెళ్లమని నేను చెప్పడం లేదు. ఉప్పాడ వెళ్లండి, సూర్యలంక వెళ్లండి, భీమిలి వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా చోట్లు తగ్గించి రోజులు పెంచండి. వాళ్ల దగ్గర ఏమున్నాయని కాక, మనకేం కావాలని అడగండి. రెండు కుర్చీలూ నిండి ఉండగానే వెళ్లండి.

కాని వెళ్లేలోపు, ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే, బీరువా తెరిచి పి.పి.ఓ. తీయండి. మీ ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. సోదరీమణులారా, వారు తీయకపోతే మీరే అడగండి. "నీకెందుకు" అంటే, నా పేరు చెప్పండి. సవరణ దరఖాస్తుల విషయంలో సాయం కావాలంటే, మన సంఘం కార్యాలయంలో మంగళ, శుక్రవారాలు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నేను కూర్చుంటాను. 34 ఏళ్లు అభ్యంతరాలు రాసిన చేయి ఇది. ఇక మీదట జవాబులు రాయడానికి పనికొస్తే సంతోషం.